చిన్న పడవను కడిగి ప్రయాణానికి సిద్ధం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్ వైపు చెరువు కాస్త పెద్దదైతే చాలు, ఒడ్డున ఒకటో రెండో చిన్న పడవలు కనిపిస్తాయి. కొన్ని చేపల వేటకు పోయేవి, కొన్ని నీటి అవతల ఉన్న చేనుకు పోయేవి, కొన్ని సెలవు రోజు పిల్లలను తిప్పడానికి కొన్నవి. ఈ చివరి రకం పడవలు నెలలకొద్దీ కట్ట మీద బోర్లించే ఉంటాయి. ఒక ఆదివారం పొద్దున నలుగురు వచ్చి, తిప్పి, రెండు బకెట్ల నీళ్లు కొట్టి ఎక్కేస్తారు. అలా ఎక్కకూడదు. పది నుంచి పదహారు అడుగుల ఫైబర్ పడవ, నాటు పడవ, థర్మాకోల్ తెప్ప ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి.

పడవ చూడటానికి బాగానే ఉంది. పోయే ముందు కడగడం అంత అవసరమా?

అవసరమే. అందం కోసం అనుకుంటే పొరపాటు. కడిగేటప్పుడే మన చెయ్యి పడవ మొత్తం తిరుగుతుంది. నాచు కింద దాగిన పగులు, ఊడిపోయిన బోల్టు, మెత్తబడిన చెక్క, తుప్పు పట్టిన కొక్కెం అన్నీ అప్పుడే బయటపడతాయి. ఊరికే నిలబడి చూస్తే వీటిలో ఒక్కటీ కనబడదు. అందుకే పడవ ఎవరు నడుపుతారో వాళ్లే కడగాలని నేను గట్టిగా చెబుతాను. కూలికి మనిషిని పెట్టి కడిగిస్తే పడవ మెరుస్తుంది గానీ దాని లోపాలు మీకు తెలియవు.

ఇంకో సంగతి, లోపల పేరుకున్న తడి బురద, పలకల కింద నిలిచిన నీళ్లు చాలా బరువు. పది లీటర్ల నీళ్లంటే పది కిలోలు. అడుగున నీళ్లు అటూ ఇటూ ఊగుతుంటే మనిషి కొంచెం పక్కకు జరిగినా పడవ ఒక వైపు ఒరుగుతుంది.

ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?

వారం వారం నీళ్లలో దిగే పడవైతే ముందు రోజు సాయంత్రం చాలు. నెలల తరబడి వాడని ఫైబర్ పడవకు కనీసం వారం రోజులు పెట్టుకోండి. పగులు కనబడితే అతుకు వేయాలి, అది గట్టిపడాలి, మళ్లీ నీళ్లలో పెట్టి చూడాలి. నాటు పడవకు పది రోజులు కావాలి, ఎందుకో కింద చెప్పాను. చుట్టాలను పిలిచి, వంటలు అనుకుని, ఆ తర్వాత పడవ సంగతి చూద్దామనుకుంటే టెన్షన్ తప్పదు. లోపం కనబడినా "ఈ ఒక్కసారికి ఏం కాదులే" అనిపించేది అలాంటప్పుడే.

బోర్లించిన పడవను తిప్పేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి?

చల్లగా, చీకటిగా ఉండే చోటు కాబట్టి పాములు, తేళ్లు పడవ కిందికి చేరతాయి. లోపలి పలకల కింద కందిరీగలు గూడు పెడతాయి. పట్టపగలే తిప్పండి. ముందు పొడుగు కర్రతో పడవ మీద నాలుగు దెబ్బలు కొట్టి కాసేపు ఆగండి. చెయ్యి అంచు కిందికి పెట్టి ఎత్తొద్దు. మీరు ఒక వైపు నిలబడి, మీకు దూరంగా ఉన్న అవతలి అంచు కింద గడ పెట్టి లేపితే సందు అవతలి వైపు తెరుచుకుంటుంది, లోపల ఏదైనా ఉంటే అటే పోతుంది. కాళ్లకు బూట్లు ఉండాలి.

పడవను రాళ్ల మీద ఈడ్వొద్దు. పాకాల, రామప్ప లాంటి కాకతీయుల నాటి చెరువుల కట్టలకు లోపలి వైపు రాతి పేర్పు ఉంటుంది. ఆ రాళ్ల మీదుగా ఈడ్చిన పడవల అడుగు చూస్తే గీతలే గీతలు. ఇద్దరు మోయలేకపోతే నలుగురు పట్టండి, లేదా కింద రెండు దుంగలు వేసి దొర్లించండి.

ఎక్కడ కడగాలి? చెరువులోనే కడిగితే నీళ్లు మోసే పని తప్పుతుంది కదా?

ఒడ్డు నుంచి కొంచెం దూరంగా, గడ్డి ఉన్న నేల మీద కడగండి. మురికి నీళ్లు నేలలో ఇంకాలి, తిరిగి చెరువులోకి జారకూడదు. ధర్మసాగర్ రిజర్వాయర్ నీళ్లే వరంగల్ నగరం తాగేది. దిగువ మానేరు నీళ్లు కరీంనగర్ తాగేది. ఊరి చెరువైతే గేదెలు తాగుతాయి, చేపలు అందులోనే పెరుగుతాయి. పది బకెట్లు మోస్తే పోయేదేం లేదు.

గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లకు ఇంకో మాట. మంథని వైపు శివ్వారం దగ్గర మొసళ్ల అభయారణ్యం ఉంది. ఆ చుట్టుపక్కల నడుము లోతు నీళ్లలో నిలబడి పడవ తోమడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఏ సబ్బు వాడాలి? కుంకుడుకాయ రసం సహజమైనదే కదా, చెరువుకు ఏం కాదు కదా?

ఈ ప్రశ్న చాలామంది మంచి మనసుతోనే అడుగుతారు. కానీ కుంకుడు విషయంలో సంగతి వేరుగా ఉంది. కుంకుడుకాయ నురగకు కారణం అందులోని సాపోనిన్లు. అవి చేపల మొప్పలను దెబ్బతీస్తాయి. గట్టు మీద మట్టిలో పోస్తే ఫర్వాలేదు, చెరువులోకి మాత్రం పోనివ్వొద్దు. బట్టల సబ్బు పొడికీ ఇదే మాట.

నిజానికి చాలా పడవలకు సబ్బు అక్కరే లేదు. ముందు మామూలు నీళ్లతో తడిపి పావుగంట నాననివ్వండి. ఎండిన నాచు మెత్తబడుతుంది. ఆ తర్వాత కొబ్బరి పీచుతోనో, మెత్తటి ప్లాస్టిక్ బ్రష్‌తోనో రుద్దితే ముప్పావు వంతు పోతుంది. నూనె జిడ్డు, చేప పొలుసుల జిగట ఉన్న చోట మాత్రం బకెట్ నీళ్లలో రెండు చెంచాల గిన్నెల సబ్బు ద్రవం కలిపి, గుడ్డతో అద్ది తుడవండి. ఇనుప పీచు ఫైబర్ పడవ మీద పెట్టొద్దు. పైనున్న నున్నటి పొర గీతలు పడితే ఆ గీతల్లోనే మళ్లీ నాచు పట్టుకుంటుంది, నీళ్లు లోపలికి దిగుతాయి.

ఏ వరసలో కడగాలి?

ముందు లోపల, తర్వాత బయట. పడవలో ఉన్నవన్నీ బయటపెట్టండి: తెడ్లు, తాళ్లు, జాకెట్లు, కూర్చునే పలకలు, పాత వల ముక్కలు. పలకలు ఊడేవైతే ఊడదీయండి, అసలు చెత్తంతా వాటి కిందే ఉంటుంది. పొడి మట్టిని చీపురుతో ఊడ్చాకే నీళ్లు పోయండి. ముందే నీళ్లు పోస్తే మట్టి బురదై మూలల్లో కూరుకుపోతుంది.

పడవ వెనుక భాగంలో అడుగున ఒక చిన్న రంధ్రం, దానికి బిరడా ఉంటాయి. బిరడా తీసి పడవ ముందు భాగాన్ని ఒక ఇటుక ఎత్తు లేపి పెడితే నీళ్లన్నీ వెనక్కి వచ్చి ఆ రంధ్రం గుండా పోతాయి. పోతున్న నీళ్లను చూడండి. మొదట నల్లగా, తర్వాత మట్టి రంగులో, చివరకు తేటగా వస్తాయి. తేటబడ్డాక కూడా తెల్లటి పొడిలాంటిదో, నూలు పోగుల్లాంటివో వస్తుంటే లోపల ఎక్కడో ఫైబర్ చీలి ఊడుతోందని అర్థం. నీళ్లు అసలు పోకపోతే రంధ్రంలో ఆకో, మట్టో అడ్డుపడింది. సైకిల్ పుల్లతో తీయండి.

బిరడాను విడిగా కడిగి దాని రబ్బరు చూడండి. వేలితో నొక్కితే మెత్తగా అణిగి మళ్లీ లేవాలి. గట్టిపడి, పెళుసుబారి, అంచున సన్న చీలికలు ఉంటే మార్చేయండి. ఇంత చిన్న వస్తువు కోసం పడవ మొత్తం నీళ్లు నింపుకుంటుంది. కొత్తది కొన్నప్పుడే ఇంకొకటి అదనంగా కొని తాడుతో పడవకే కట్టుకోండి.

బయటి వైపు కడిగేటప్పుడు పై అంచు నుంచి కిందికి రండి. నీటి గీత దగ్గర, అంటే పడవ నీళ్లలో ఎంతవరకు మునుగుతుందో ఆ చుట్టూ, నాచు ఎక్కువ పట్టి ఉంటుంది. కడిగాక నీడలో ఆరబెట్టండి. పూర్తిగా ఆరాకే పగుళ్లు చూడటం సాధ్యం.

పడవ చుట్టూ తెల్లటి చార ఉంది, ఎంత రుద్దినా పోవడం లేదు.

అది నీళ్లలోని సున్నం. నిమ్మరసమో వెనిగరో గుడ్డకు పట్టించి పది నిమిషాలు ఆ చార మీద పరిచి, తర్వాత రుద్ది మంచి నీళ్లతో కడగండి. నాచు కోసం బ్లీచింగ్ పౌడర్ వాడినవాళ్లు అదే చోట నిమ్మరసం, వెనిగర్, టాయిలెట్ క్లీనర్ లాంటి ఆమ్లాలు వాడొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఫైబర్ పడవకు సన్నటి పగుళ్లు ఉంటే ఎలా కనిపెట్టాలి?

మూడు పద్ధతులున్నాయి, మూడూ చేయండి. పెద్ద ఖర్చేం కాదు.

మొదటిది రంగు. తెల్లబట్టలకు పెట్టే నీలిమందు నీళ్లలో చిక్కగా కలిపి, అనుమానం ఉన్న చోట గుడ్డతో రాయండి. రెండు నిమిషాలాగి తడిగుడ్డతో తుడిచేయండి. నున్నగా ఉన్న చోట నీలం పోతుంది, పగులు ఉన్న చోట వెంట్రుక మందాన నీలి గీత మిగులుతుంది. తెడ్డు కొక్కేలు, మోటారు బిగించే వెనుక పలక, పడవ ముక్కు, అడుగున మధ్య గీత, ఈ చోట్ల తప్పకుండా చూడండి. సాలెగూడులా అన్ని వైపులా పాకిన సన్న గీతలు పై పొరకే పరిమితమై ఉండొచ్చు. ఒకే పొడుగు గీతగా ఉండి, వేలితో నొక్కితే రెండు వైపులా కదులుతుంటే అది లోపలిదాకా పోయిన పగులు.

రెండోది చప్పుడు. రూపాయి బిళ్లతో పడవ అడుగంతా తట్టుకుంటూ పోండి. గట్టిగా ఉన్న చోట టక్ టక్‌మంటుంది. పొరలు విడిపోయిన చోట, లోపల నీళ్లు పట్టిన చోట డొబ్ డొబ్‌మని బోలుగా వినిపిస్తుంది. ఆ చోట సుద్దతో గుండ్రంగా గీత గీసి పెట్టుకోండి.

మూడోది నీళ్లు. బిరడా పెట్టి, పడవను నాలుగు ఇసుక బస్తాల మీద నిలబెట్టి, లోపల నాలుగైదు బకెట్ల నీళ్లు పోయండి. అరగంట తర్వాత కిందికి వంగి చూస్తే ఎక్కడ చెమ్మ ఉందో తెలుస్తుంది. పడవను నిండా నింపొద్దు. గట్టు మీద ఉన్న పడవకు నీళ్ల బరువు లోపలి నుంచే పడుతుంది, బయట నుంచి ఆసరా ఉండదు. లేని పగులు కొత్తగా వస్తుంది.

పగులు దొరికింది. ఇంట్లోనే అతుకు వేసుకోవచ్చా?

అరచేయి అంత చోటైతే వేసుకోవచ్చు. వెనుక పలక దగ్గర, మధ్య గీత మీద ఉంటే ఫైబర్ పని తెలిసిన మేస్త్రీకి చూపించండి.

పగులు చుట్టూ మూడు నాలుగు అంగుళాల మేర గరుకు కాగితంతో రుద్ది పాత పొర తీయాలి. రుద్దేటప్పుడు మాస్కు, కళ్లజోడు, నిండు చేతుల చొక్కా ఉండాలి. ఆ పొడి ఒంటి మీద పడితే దురద వదలదు, ఊపిరిలోకి పోతే అంతకన్నా చేటు. తర్వాత ఎసిటోన్‌తో తుడిచి, ఆరాక, రెసిన్‌లో (ఆరాక గట్టిపడే చిక్కటి జిగురు) తడిపిన ఫైబర్ మ్యాట్ ముక్కలు రెండు మూడు, ఒకదానికన్నా ఒకటి పెద్దవిగా వేసి, లోపల గాలి బుడగ లేకుండా బ్రష్‌తో నొక్కాలి.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుంచుకోండి. చాలా దుకాణాల్లో రెసిన్, అది త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్ట్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ మూడు విడి సీసాల్లో ఇస్తారు. ముందు రెసిన్‌లో కోబాల్ట్ వేసి బాగా కలపాలి, ఆ తర్వాతే హార్డెనర్ వేయాలి. కోబాల్ట్‌నూ హార్డెనర్‌నూ నేరుగా కలిపితే మంటలు లేస్తాయి, పేలిపోవచ్చు కూడా. రెండింటికీ ఒకే చెంచా వాడొద్దు. హార్డెనర్ మామూలుగా రెసిన్‌లో ఒకటి రెండు శాతమే. మన మే నెల ఎండలో అది గిన్నెలోనే గడ్డకడుతుంది, అందుకే పొద్దున్నే, కొంచెం కొంచెం కలుపుకుని పని చేయండి.

ఎం-సీల్ సంగతి చాలామంది అడుగుతారు. నీళ్ల మధ్యలో ఏదైనా జరిగితే ఒడ్డుకు చేరడానికి అది పనికొస్తుంది, ఒక ప్యాకెట్ సంచిలో ఉంచుకోండి. దాన్ని నమ్ముకుని కొత్త ప్రయాణం మాత్రం మొదలుపెట్టొద్దు.

మాది చెక్కతో చేసిన నాటు పడవ. ఎండకాలం అంతా గట్టు మీదే ఉంది. నీళ్లలో దించగానే అన్ని సందుల్లోంచి నీళ్లు వస్తున్నాయి. పాడైపోయినట్టేనా?

కంగారు పడకండి. ఎండకు చెక్క కుంచించుకుపోయి పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి. తక్కువ లోతు నీళ్లలో పడవను ముంచి రెండు మూడు రోజులు ఉంచండి. చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది, సన్న సందులు వాటంతటవే మూసుకుంటాయి. ఆ తర్వాత కూడా కారుతున్న చోట గుర్తు పెట్టుకుని, పైకి తీసి ఆరబెట్టి, పాత కూర్పు తీసేసి కొత్తది పెట్టాలి. నూనెలో కాచిన గుగ్గిలం, నూలు పోగులు కలిపి సందుల్లో దట్టించడం పాత పద్ధతి. తెలిసినవాళ్లు ఊళ్లో ఉంటే ఒక్కసారి పక్కన కూర్చుని చేయించుకోండి. "కాకా, ఇక్కడ ఎంత లోతు దట్టించాలె?" అని అడిగితే చెయ్యి పట్టుకుని చూపిస్తారు. చదివి నేర్చుకునే పని కాదది.

చెక్క పుచ్చిపోయిందేమో చూడటానికి ఒక సన్నటి స్క్రూ డ్రైవర్ చాలు. మొనతో పొడిస్తే గట్టి చెక్క ఎదురు తిరుగుతుంది, పుచ్చిన చెక్కలో దిగబడుతుంది. దిగబడితే ఆ పలక మార్చాల్సిందే, తారు పూసి దాచొద్దు.

థర్మాకోల్ తెప్పకు ఇవన్నీ అవసరమా?

తెప్పకు రెండు శత్రువులు: ఎలుకలు, పెట్రోలు. ఎలుకలు కొరికిన బొక్కలు చుట్టిన గోనెపట్టా కింద కనబడవు, విప్పి చూడండి. పెట్రోలు గానీ థిన్నర్ గానీ పడితే థర్మాకోల్ అక్కడికక్కడే కరిగిపోతుంది. మోటారు డబ్బా తెప్ప మీద మోసుకుపోవద్దు. పిల్లలను తెప్ప మీద ఎక్కించొద్దు. అది ఈత వచ్చి, నిలకడ తెలిసిన మత్స్యకారుడి సాధనం.

మోటారు విషయంలో ఏమేం చూడాలి?

ముందు ఇంధనం. వానకాలం అంతా ట్యాంకులో ఉండిపోయిన పెట్రోలు తీసేయండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను లాక్కుంటుంది. నీళ్లు అడుగున చేరి మోటారు చెరువు నడిమధ్యలో ఆగిపోతుంది. టూ స్ట్రోక్ మోటారుకు నూనె కలపాలి. చాలా కొత్త మోటార్లకు 50 వంతుల పెట్రోలుకు ఒక వంతు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. మీ మోటారు పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంతే వేయండి. ఫోర్ స్ట్రోక్‌కు పెట్రోలులో నూనె కలపొద్దు.

గట్టు మీద నీళ్లు లేకుండా మోటారు స్టార్ట్ చేసి చూడటం చాలామందికి అలవాటు. నీళ్లతో చల్లబడే మోటారులో రబ్బరు రెక్కల పంపు ఉంటుంది, నీళ్లు లేకుండా తిరిగితే అది నిమిషాల్లో మాడిపోతుంది. పెద్ద డ్రమ్ములో నీళ్లు నింపి కింది భాగం ముంచి స్టార్ట్ చేయండి. పక్కనున్న చిన్న రంధ్రం నుంచి నీటి ధార వస్తుండాలి. రాకపోతే వెంటనే ఆపేయండి.

మోటారు కింద నీళ్లలో తిరిగే పంకా ఊడదీసి వెనుక చూడండి. చెరువుల్లో తెగిపోయిన వల దారాలు, గాలం తీగలు అక్కడ చుట్టుకుని లోపలి సీల్‌ను కోసేస్తాయి. గేరు నూనె పాలలా తెల్లబడితే లోపలికి నీళ్లు పోయాయన్నమాట. వినాయక నిమజ్జనం జరిగే చెరువుల్లో పండుగ తర్వాత కొన్ని వారాలు ఒడ్డు దగ్గర మోటారు వాడకపోవడమే మేలు. నీళ్లలో మిగిలిన ఇనుప చువ్వలు, కట్టెల చట్రాలు పంకాను విరిచేస్తాయి.

మోటారు ఎంత కొత్తదైనా రెండు తెడ్లు పడవలో ఉండాల్సిందే.

తాళ్లు, తెడ్లు, లంగరు?

నైలాన్ తాడు పైకి గట్టిగానే కనబడుతుంది. పురులు విప్పి లోపల చూడండి, పొడి రాలితే ఎండకు చచ్చిపోయిందని అర్థం. తెడ్డు పిడి అరచేతిలో గుచ్చుకోకుండా గరుకు కాగితంతో రుద్దండి. లంగరు లేకపోతే బలమైన సంచిలో ఇసుక నింపి కట్టుకోండి. తాడు నీటి లోతుకు కనీసం మూడింతలు ఉండాలి.

ఈత వచ్చినవాళ్లకు కూడా లైఫ్ జాకెట్ కావాలా?

కావాలి. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు పోతున్న బోటు గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో కాజీపేట పక్కనున్న కడిపికొండ వాళ్లు ఉన్నారు. ఎంతోమంది తిరిగి రాలేదు. మన ఊళ్ల మధ్య నుంచి పోయిన మనుషులు వాళ్లు. ఆ తర్వాత కూడా జాకెట్ కూర్చోవడానికి దిండుగా వాడటం చూస్తే నాకు బాధేస్తుంది. ఒక్కసారిగా నీళ్లలో పడ్డ మనిషికి తల దెబ్బ తగలొచ్చు, చీర కాళ్లకు చుట్టుకోవచ్చు, భయంతో నీళ్లు మింగొచ్చు. అప్పుడు ఈత గుర్తుకు రాదు.

జాకెట్ లోపల అతికించిన చీటీ మీద 50, 100, 150 లాంటి అంకె ఉంటుంది. 50 అంటే ఈత వచ్చి, స్పృహలో ఉన్న మనిషికి తోడ్పడేంత. 100, ఆ పైన ఉన్నవి మనిషిని వెల్లకిలా తేల్చడానికి చేసినవి. పిల్లలకు, ఈత రానివాళ్లకు 100కు తక్కువది వద్దు. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. లేకపోతే పిల్లవాడు నీళ్లలో పడగానే జాకెట్ పైకి జారి, పిల్లవాడు కిందికి జారతాడు. తొడిగాక రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి చెవులదాకా లేచిందంటే పెద్దదైపోయింది, లేదా పట్టీలు వదులుగా ఉన్నాయి.

పడవతోపాటు జాకెట్లనూ కడగండి. చల్లటి నీళ్లు, కొంచెం సబ్బు చాలు. నీడలో ఆరేయండి. పట్టీల కుట్లు ఒక్కొక్కటీ లాగి చూడండి, క్లిప్పులు టక్కున పడాలి. తర్వాత మొల లోతు నీళ్లలో ఒకరు పట్టుకుని ఉండగా ఇంకొకరు తొడుక్కుని వెనక్కి వాలి చూడండి. పిల్లలకు కూడా ఇది చేయించండి, భయం పోతుంది.

మా పడవలో ఎంతమంది ఎక్కొచ్చు?

తయారు చేసినవాళ్లు పడవ మీద అంకె రాసి ఉంటే అదే చివరి మాట. లేకపోతే పొడవు అడుగుల్లో, వెడల్పు అడుగుల్లో గుణించి 15తో భాగించండి. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటే 48ని 15తో భాగిస్తే మూడు చిల్లర. ముగ్గురే. ఇది ఒక్కొక్కరు 68 కిలోలని, నీళ్లు నిశ్చలంగా ఉన్నాయని వేసిన లెక్క. మోటారు, టిఫిన్ క్యారియర్లు, నీళ్ల డబ్బాలు ఉంటే ఒకరిని తగ్గించుకోండి. చంటిపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నా ఒక మనిషి కిందే లెక్క. తెప్పకు, పుట్టికి ఈ లెక్క పనికిరాదు.

ఏ కాలంలో, ఏ వేళలో పోవాలి?

నవంబర్ నుంచి మార్చి వరకు బాగుంటుంది. చలికాలంలో గోదావరి మీద పొగమంచు ఉంటే అది విడేదాకా ఒడ్డునే ఆగండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే పోయి పది గంటలకల్లా తిరిగి రండి. మధ్యాహ్నం దాటాక లేచే గాలిదుమారం చిన్న పడవను నిమిషాల్లో తిప్పేస్తుంది. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది, ఫోన్లో పెట్టుకోండి.

వానకాలంలో వద్దు. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. వాగులు ఊళ్లనే ముంచేశాయి. గోదావరి సంగతి ఇంకా వేరు. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా మహారాష్ట్రలో పడిన వాన వార్ధా, వైన్‌గంగ మీదుగా ప్రాణహితలోకి వచ్చి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది, అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. బ్యారేజీల గేట్లు ఎత్తారో లేదో కనుక్కోకుండా నదిలో దిగొద్దు.

చెరువుల్లోనూ తూము దగ్గరికి, మత్తడి దగ్గరికి పోవద్దు. తూము తెరిచి ఉంటే పైకి నీళ్లు కదలనట్టే ఉంటాయి, కింద లాగేస్తుంటాయి. మత్తడి దూకుతుంటే కనీసం వంద గజాల దూరంలో ఉండండి. చెరువు చివరి వైపు లోతు తక్కువ, మునిగిన మోడులు, బండరాళ్లు ఎక్కువ, అక్కడ మోటారు ఎత్తి తెడ్డుతోనే పోండి.

ఎవరి అనుమతి తీసుకోవాలి?

చెరువును బట్టి ఉంటుంది. నీటిపారుదల శాఖను, ఊరి మత్స్య సహకార సంఘాన్ని అడగండి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లో అటవీ శాఖ అనుమతి లేనిదే దిగొద్దు. మోటారు పడవలకు 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, తనిఖీ ఉంటాయి. మత్స్యకారులతో మాట్లాడటం కాగితం పని కన్నా ముఖ్యం. వలలు ఎక్కడ వేశారో వాళ్లే చెబుతారు. నీళ్ల మీద ఖాళీ సీసాలో, థర్మాకోల్ ముక్కలో వరసగా తేలుతుంటే కింద వల ఉన్నట్టు. దాని మీదుగా పోతే మీ పంకాకు నష్టం, వాళ్ల ఆ రోజు కూలి పోతుంది.

పడవలో ఏమేం పెట్టుకోవాలి?

నీళ్లు తోడే డబ్బా తాడుతో కట్టి, ఈల, టార్చి, కత్తి, అదనపు తాడు, తాగునీళ్లు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోన్. ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి పోండి. ఆ వేళకు రాకపోతే 112కు ఫోన్ చేయమని వాళ్లకు ముందే చెప్పండి. మందు సీసా మాత్రం ఒడ్డునే వదిలేయాలి, ఈ విషయంలో బతిమాలడాలు ఉండకూడదు.

తిరిగొచ్చాక ఏం చేయాలి? ఈ పడవనే వచ్చే వారం ఇంకో చెరువుకు తీసుకుపోతే?

గుర్రపు డెక్క గురించే అసలు భయం. చిన్న ముక్క పడవ అడుగున అంటుకుని పోయినా చాలు, కొత్త చెరువులో పిలకలు వేసి పరుచుకుంటుంది. మిషన్ కాకతీయలో పూడిక తీసుకుని, మళ్లీ నీళ్లు నింపుకున్న ఊరి చెరువుకు మన చేతులతో ఈ కలుపు తీసుకుపోవడం అన్యాయం. బిరడా తీసి నీళ్లన్నీ అదే చెరువు ఒడ్డున వంపేయండి. పంకా చుట్టూ, తాడు ముడుల్లో, లంగరు సంచి మీద, ట్రాలీ చక్రాల దగ్గర ఆకు ముక్కలు, వేళ్లు ఏరేయండి. వాటిని నీళ్లకు దూరంగా ఎండలో పడేయండి. పడవ రెండు మూడు రోజులు బాగా ఎండాకే ఇంకో చెరువులో దించండి. గాలానికి తెచ్చుకున్న చేప పిల్లలు మిగిలితే వాటినీ కొత్త నీళ్లలో వదలొద్దు.

నెలలపాటు వాడేది లేకపోతే చెట్టు నీడలో, నేలకు అడుగు ఎత్తున రెండు దుంగల మీద బోర్లించండి. మత్తడి కాలువ దారిలో, కట్ట దిగువ పల్లంలో పెట్టొద్దు. టార్పాలిన్ కప్పితే గాలి ఆడేలా రెండు వైపులా సందు వదలండి, లేకపోతే చెమ్మ పట్టి చెక్క పుచ్చుతుంది. బిరడా తీసి ఇంట్లో తాళాల గుత్తి దగ్గర వేలాడదీయండి. మోటారును నిలువుగా నిలబెట్టి ట్యాంకు ఖాళీ చేయండి. జాకెట్లు ఎలుకలకు అందకుండా పైన దండెం మీద వేయండి.